నాలుగో తొట్టి

జూన్ 4

తమ్ముడికి,

అర్హత ఉన్నా లేకపోయినా అక్క ఆశీస్సులు.

నిన్న సాయంత్రం ఇక్కడికి చేరాను. కొండ మీద ఆసుపత్రి. ఇరవై మంచాలు, ఇద్దరు నర్సులం, వారానికి మూడు రోజులే కనిపించే డాక్టరు ఒకాయన. నా గదికి కిటికీ ఉంది గానీ, దానికి అడుగు దూరంలో నీళ్ళ ట్యాంకు గోడ ఉంది. రిటైరయ్యే ముందు నాలుగు నెలలకు నన్ను ఇలాంటి చోటికి బదిలీ చేసినవాళ్ళను ఏమీ అనను. అనాల్సినవన్నీ బస్సులోనే అనేశాను.

ఇక్కడ సెల్‌ఫోను పలకదు. ఆఫీసులో ఒక్క ఫోనుంది, అది రోగుల పనికి. అయినా నీతో ఫోను నాకొద్దు. నువ్వు నవ్వుతూ చెప్పేది నిజమో, ఏడుస్తూ చెప్పేది అబద్ధమో నలభై ఏడేళ్ళుగా నాకు అంతు పట్టలేదు. కాగితం మీద తేదీ వేసి రాయి. ముప్ఫై నాలుగేళ్ళు కేస్‌షీట్లు రాసినదాన్ని, రాసిన మాట మీదే నాకు గురి.

ఇక పని సంగతి. తెలిసిందే అయినా మళ్ళీ రాస్తున్నాను, ఎందుకంటే నీకు తెలిసిన సంగతులు నీ దగ్గర ఎక్కువసేపు నిలవవు. మన బోరులోకి సముద్రం ఉప్పు ఎక్కాక ఆ నేలలో గడ్డి కూడా మొలవడం లేదు. అందుకే ఈ ఏర్పాటు. పెద్ద ట్యాంకులో నూట ఎనభై తిలాపియా చేపలు. పక్కన గులకరాళ్ళు నింపిన నాలుగు తొట్లు, వాటిలో కూరమొక్కలు. చేపలు మురికి చేసిన నీళ్ళను మోటారు తొట్లలోకి ఎక్కిస్తుంది. ఆ మురికి రాళ్ళ మధ్య ఎరువవుతుంది, మొక్కలు తింటాయి. తేటపడ్డ నీళ్ళు మళ్ళీ చేపల దగ్గరికి దిగుతాయి. ఒకరి ఎంగిలి ఇంకొకరికి అన్నం. మట్టితో పని లేదు, పట్టి పెట్టుకున్న వాననీళ్ళు చాలు.

పాత పంట కోసేశాను. నారు ట్రేలలో ఉంది. నాటే ముందు నాలుగు తొట్లలో రాళ్ళన్నీ బయటికి తీసి, మెరిసేదాకా తోమి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టి మళ్ళీ నింపు. చేపలకు మేత రోజుకు మూడుసార్లు, రెండేసి గుప్పెళ్ళు. మోటారు సంగతి నీకు చెప్పక్కర్లేదు. లోకంలో నీకు తెలిసిందల్లా అదొక్కటే.

మాట ఇచ్చినట్టే, నేను తిరిగొచ్చేసరికి ట్యాంకు బతికి ఉంటే వెనక గది నీ మోటారు వైండింగ్‌కి ఇచ్చేస్తాను. సైకిలు షాపు మెట్ల కింద, వాన చినుకులు పడే చోట రాగితీగ చుట్టుకోవడం ఇక అక్కర్లేదు. ట్యాంకు పోతే మాత్రం ఆ మెట్లే నీకు గతి. గది తాళంచెవి నాతో తేలేదు, ఇంటి దగ్గరే ఉంది. నేను రాసింది రాసినట్టు చేసేవాడికి అది దానంతటదే దొరుకుతుంది.

వేళకు తిను.

అక్క


జూన్ 11

పెద్ద నర్సమ్మ అక్కగారికి,

తమరి చేపలకు ఆయాగా చేరిన తమ్ముడు తడిచేతులతో రాసుకునేది. కాగితం మీద మరకలు కన్నీళ్ళు కావు, ట్యాంకు నీళ్ళు. వాసన చూస్తే తెలుస్తుంది.

అంతా క్షేమం. నూట ఎనభై చేపలకూ ఒకే ముఖం. ఒకదానికి పెట్టి ఇంకోదానికి పెట్టలేదేమోనని అనుమానం వచ్చి మళ్ళీ వేస్తున్నాను. అన్నిటికన్నా పెద్దది ఒకటుంది, వీపు మీద నల్లమచ్చ. మేత పడగానే అందరినీ తోసుకుని ముందుకొస్తుంది, తిన్నాక అందరి మీదా అజమాయిషీ చేస్తుంది. దానికి ‘పెద్దక్క’ అని పేరు పెట్టాను. ఎవరిని చూసి పెట్టానో అడగొద్దు.

మేత రోజుకు మూడుసార్లు, రెండేసి గుప్పెళ్ళు. నా గుప్పెడా నీ గుప్పెడా రాయలేదు నువ్వు. నాదే అనుకున్నాను. రాళ్ళు తోమాను. నాలుగు తొట్లూ. నడుము రెండుగా మడిచి సంచిలో పెట్టుకోవచ్చు ఇప్పుడు. ఎనిమిదో తరగతిలో పుస్తకాలు ఇంత శ్రద్ధగా తోమి ఉంటే నేనూ ఏదో ఆఫీసులో కూర్చుని నీలాంటి వాళ్ళను కొండలకు బదిలీ చేస్తుండేవాణ్ణి. నారు నాటేశాను. రెండింట పాలకూర, ఒకదానిలో బెండ, చివరిదానిలో తోటకూర.

తాళంచెవి కోసం బియ్యం డబ్బాలో, గడియారం వెనక, నీ పాత యూనిఫాం జేబుల్లో చూశాను. జేబులో ధర్మామీటరు దొరికింది. నాకు జ్వరం లేదు.

మీ ఆసుపత్రి ఫోను పనిచేస్తుందో లేదోనని ఒకసారి చేసి చూశాను. బాగానే పనిచేస్తోంది.

ఇట్లు, తమరి పాదాల దగ్గర, అంటే ట్యాంకు దగ్గర,
ఆయా


జూన్ 18

ఒరేయ్,

ఆశీస్సులు ఈసారికి ఆపాను.

ఫోను పనిచేస్తుందో లేదో చూశావా? పై ఆఫీసు నుంచి పెద్ద డాక్టరునని గొంతు బరువు చేసుకుని, గంటలో తనిఖీకి వస్తున్నానంటావా? ఇక్కడ మా డాక్టరు రెండు కాళ్ళకూ రెండు రకాల బూట్లు వేసుకుని పరుగెత్తుకొచ్చాడు. ఇరవై మంచాలకూ దుప్పట్లు మార్చాం. సాయంత్రం దాకా గేటు దగ్గర నిలబడ్డాం. చివరికి అటెండరు, “అమ్మా, ఆయన పదేపదే ‘తిలాపియా ఆరోగ్యం ఎలా ఉంది’ అని అడిగాడమ్మా, అదేం జబ్బు?” అన్నప్పుడు నాకు వెలిగింది. ఇకపై నీ గొంతు వినిపిస్తే ఫోను పెట్టేయమని చెప్పాను. సరేనన్నాడు. చాలా సంతోషంగా అన్నాడు.

నాలుగు తొట్లూ తోమానని రాశావు. చాలా బాగుంది, చదివి నవ్వుకున్నాను. నువ్వు తోమలేదు. ఒక్క రాయి కూడా తీయలేదు. ఎలా తెలుసో చెప్పను, తెలుసంతే. పరవాలేదు, నాకు కోపం లేదు. నిన్ను నలభై ఏడేళ్ళుగా ఎరుగుదును.

మేత చాలడం లేదేమో, పూటకు ఇంకో గుప్పెడు కలుపు. పాలకూర కోతకు రాగానే హాస్టలు వంటావిడకు పంపు. తూకమ్మ అని నువ్వు పేరు పెట్టినావిడ. ఆవిడ ఆకును తక్కెడలో కాదు, కళ్ళతో తూచుతుంది. ఆవిడ సరేనంటే రిటైరయ్యాక నాకు రోజూ పని ఉన్నట్టే.

కాళ్ళకు రబ్బరు బూట్లు వేసుకో. తడిలో నానితే నీ పాదాలు పగులుతాయి.

అక్క


జూన్ 25

అక్కకు,

మీ అటెండరుకు నా నమస్కారాలు. ఫోను పెట్టేసేవాడిలో అంత సంతోషం ఉండటం మంచిది. ఆరోగ్యానికి.

తోమలేదన్నావు. ఇక్కడ నా గోళ్ళు చూస్తే నీకే తెలిసేది. సరే, పోలీసులు దొంగను నమ్మినా అక్క తమ్ముణ్ణి నమ్మదు. నువ్వన్నట్టే పూటకు మూడు గుప్పెళ్ళు వేస్తున్నాను. నా జీవితంలో ఎవరి మాటా ఇంత తుచ తప్పకుండా వినలేదు. అద్దంలో చూసుకుంటే నాకే కొత్తగా ఉంది, ఎవడో బుద్ధిమంతుడు ఇంట్లో దూరాడనిపిస్తోంది.

ఇక్కడ ఒక వింత. నాలుగు రోజులుగా తెల్లారేసరికి చేపలన్నీ పైకొచ్చి నీళ్ళ అంచున వరసగా నోళ్ళు తెరిచి నిలబడుతున్నాయి. బడిలో ప్రార్థనకు నిలబడ్డట్టు. మొదట నా మీద ప్రేమ అనుకున్నాను. తర్వాత ఆకలి అనుకుని ఇంకాస్త వేశాను. తినడం లేదు. పెద్దక్క కూడా తినడం లేదు. అది తిండి మానిందంటే అది మామూలు సంగతి కాదు, ఆ పేరు పెట్టుకున్నందుకైనా.

మోటారు విప్పి చూశాను. బ్రహ్మాండంగా ఉంది. నీళ్ళు ఎక్కుతున్నాయి, దిగుతున్నాయి. వాసన మాత్రం మారింది, ముక్కులో గుచ్చుతోంది. పాలకూర, బెండ పసుపెక్కాయి. చివరి తొట్టిలో తోటకూర ఒక్కటే సిగ్గు లేకుండా పచ్చగా ఉంది. తూకమ్మ వచ్చి చూసింది. “ఇది కూరా, కామెర్లా?” అంది.

ఏమైనా తక్కువ చేస్తున్నానా? రాయి.

తమ్ముడు


జూలై 2

తమ్ముడికి,

ఉత్తరం అందింది. బాగా రాశావు. ‘బడిలో ప్రార్థన’ దగ్గర మా వార్డులో అందరికీ చదివి వినిపించాను.

నేను బయలుదేరే ముందు రోజు పొద్దున నువ్వేం చేశావో మరిచిపోయావా? ఆరు రబ్బరు చేపలు కొనుక్కొచ్చి, ట్యాంకులో బోర్లా తేల్చి, “అక్కా, కొంప మునిగింది” అని కేక పెట్టావు. నేను చీరతో సహా ట్యాంకులో దిగాను. నువ్వు గోడకానుకుని కడుపు పట్టుకుని నవ్వావు. ఇప్పుడు నోళ్ళు తెరిచే చేపలట. రబ్బరు చేపలకు నోరు తెరవడం ఎప్పుడు నేర్పావురా?

కథకు అతికేలా ఆకులు కూడా పసుపు చేశావు, తూకమ్మను కూడా తెచ్చావు. ముచ్చటేసింది. కానీ రాళ్ళే తోమనివాడి ట్యాంకులో నీళ్ళు చెడవు. నేను నిశ్చింతగా ఉన్నాను. నువ్వూ ఉండు. మేత మానకు.

ఇక్కడ వానలు మొదలయ్యాయి. కిటికీ ముందు గోడకు పాచి పట్టి పచ్చబడింది. చూడటానికి ఏదో ఒకటి దొరికింది.

అక్క


జూలై 8

అక్కా,

చేపలు చచ్చిపోతున్నాయి. శుక్రవారం తొమ్మిది. శనివారం పద్నాలుగు. ఈరోజు పొద్దున పంతొమ్మిది. రబ్బరువి కావు. గునపంతో గొయ్యి తవ్వి పూడ్చాను.

మీ ఆసుపత్రికి ఫోను చేశాను. ఈసారి నా గొంతుతోనే. “మా అక్కను పిలువు, చేపలు చస్తున్నాయి” అన్నాను. అటెండరు, “ఇది మనుషుల ఆసుపత్రి సార్” అని పెట్టేశాడు. మళ్ళీ చేశాను, మళ్ళీ పెట్టేశాడు. అతని తప్పు లేదు.

నువ్వు నమ్మవని తెలుసు. ఎలా నమ్మించాలో తెలియక రాత్రంతా ట్యాంకు పక్కనే కూర్చున్నాను. ఒకటి తోచింది. ఆ రాళ్ళు నల్లవి కావు. మూడేళ్ళుగా నల్లరాళ్ళే అనుకున్నాను. జిగురు పోయేదాకా పీచుతో తోమి ఆరబెడితే అవి ఎర్రరాళ్ళు. ఇటుక రంగు. కొన్నిటి మీద తెల్లచారలు ఉన్నాయి. తోమకుండా ఇది ఎవరికైనా తెలుస్తుందా? నువ్వు తెప్పించినప్పుడు నేను ఊళ్ళో లేను.

పెద్దక్క గొట్టం నీళ్ళు పడే చోట ఒక పక్కకు ఒరిగి ఉంది. బతికే ఉంది. మొప్పలు ఎర్రగా కమిలిపోయాయి.

నువ్వు చెప్పిందే చేశాను. చెప్పినంత చేశాను. ఈ ఉత్తరం టపాలో వేయడం లేదు, మీ కొండకు పాలు తెచ్చే వ్యాను డ్రైవరుకు ఇస్తున్నాను. రేపు తెల్లారి నీ చేతిలో పెడతానన్నాడు. గది నాకొద్దు. ఏం చేయాలో రాయి.

తమ్ముడు


జూలై 9

నాన్నా,

వ్యాను గేటు దగ్గరే ఆపి రాస్తున్నాను. డ్రైవరు హారను కొడుతున్నాడు. ముందు పని.

మేత పూర్తిగా మానెయ్. ఒక్క గింజ కూడా వద్దు, వారం పాటు. ట్యాంకులో మూడోవంతు నీళ్ళు తీసేసి, మూత ఉన్న డ్రమ్ముల్లోని వాననీళ్ళు పొయ్యి. పొద్దునా సాయంత్రమూ అలాగే చెయ్. బోరునీళ్ళ జోలికి వెళ్ళకు. గొట్టాన్ని ఎత్తుకు కట్టు, నీళ్ళు పైనుంచి చప్పుడు చేస్తూ పడాలి, అప్పుడు వాటికి ఊపిరి అందుతుంది. నాలుగో తొట్టిలో సగం రాళ్ళు, తోటకూర పోతే పోనీ, తడి ఆరకుండా తీసి మిగతా మూడు తొట్లలో కలుపు. కడక్కు. తుడవకు. జిగురు జిగురుగా ఉన్నది ఉన్నట్టు కలుపు.

ఆ జిగురులో కంటికి కనపడని జీవాలుంటాయి. చేపల మురికిలో విషముంటుంది, దాన్ని ఎరువుగా మార్చేవి అవే. రాళ్ళు తోమి ఎండబెడితే అవి చస్తాయి. అవి చస్తే విషం తిరిగి చేపలకే చేరుతుంది. పైగా మూడు గుప్పెళ్ళ మేత. చేపలు ఎందుకు చచ్చాయో ఇప్పుడు నీకు అర్థమైంది కదా. చంపింది నువ్వు కాదు, నేను.

నేను రాసిందంతా తిరగేసి రాశాను. తోమమంటే నువ్వు తోమవని రాశాను. మూడుసార్లు వేయమంటే ఒకసారి వేస్తావని రాశాను. నిన్ను పెంచిందే అలా. “బావి దగ్గరికి పోకు” అంటే బావిలోకే తొంగిచూసేవాడివి. “పొద్దున్నే లేవరా” అంటే మధ్యాహ్నం దాకా పడుకునేవాడివి. అమ్మ చివరికి, “ఈరోజు బడికి వెళ్ళావంటే కాళ్ళు విరగ్గొడతా” అంటే గోడ దూకి మరీ వెళ్ళావు. ఎనిమిదో తరగతి దాకా నిన్ను అలాగే లాక్కొచ్చింది. తర్వాత ఆవిడకు ఓపిక అయిపోయి మామూలుగా చెప్పడం మొదలుపెట్టింది, నువ్వు మానేశావు.

ఈసారి గది కోసం మాట వింటావని నాకు తోచలేదు. ఎర్రరాళ్ళు అన్న మాట చదవగానే వ్యాను ఆపడానికి గేటుకు పరుగెత్తాను. మోసుకొచ్చిన రోజు నేనే చూశాను, ఇటుక రంగు, తెల్లచారలు. ఈ మూడేళ్ళలో నేనూ మరిచిపోయాను.

నువ్వు నాలుగూ తోమలేదు. మూడే తోమావు. ఎలా తెలుసో తీసేటప్పుడు నీకే కనిపిస్తుంది. ఆ ఒక్క అబద్ధమే ఇప్పుడు మనకు దిక్కు.

వెళ్ళు, పని చూడు.

అక్క


జూలై 21

అక్కకు,

అబద్ధం చెప్పి చేపలను కాపాడిన తమ్ముడు గర్వంగా రాసుకునేది.

ముందు లెక్క. నూట ఎనభైలో అరవై ఎనిమిది పోయాయి. నీ ఉత్తరం వచ్చాక మూడు రోజుల్లో ఇరవై ఆరు, ఆ తర్వాత ఒక్కటీ లేదు. నూట పన్నెండు మిగిలాయి. నాలుగుసార్లు లెక్కపెట్టాను, అవి కదలకుండా ఉండవు కాబట్టి ఒకటి అటూ ఇటూ. ముక్కులో గుచ్చే వాసన పోయింది. నిన్నటి నుంచి రోజుకు చిటికెడు మేత. నా చిటికెడు.

పెద్దక్క బతికింది. ఒక కన్ను మసకబారింది, ఎడమవైపు వచ్చేవాళ్ళు కనపడటం లేదు. అయినా తోసుకుని ముందుకే వస్తోంది.

పసుపు ఆకులన్నీ పీకేశాను. కొత్త చిగుళ్ళు మామూలు రంగులోనే ఉన్నాయి. తూకమ్మ చూసి, “కామెర్లు తగ్గినట్టున్నాయే” అంది. “మా అక్క నర్సు కదా” అన్నాను. “వచ్చే నెల కోతకు రెండు కట్టలు పంపు, చూస్తా” అని వెళ్ళింది. తిరగేసి అనలేదు, నేను జాగ్రత్తగా విన్నాను.

మూడు తోమి నాలుగెందుకు తోమలేదని అడుగుతావు. గొప్ప కారణమేమీ లేదు. మూడోది అయ్యేసరికి సాయంత్రమైంది, నడుము నొచ్చింది, సైకిలు షాపులో పేకాట మొదలైంది. నాలుగోది తోమినట్టు రాస్తే సరిపోతుందనుకున్నాను. రాయడం సులువు కదా, అందులోనూ తేదీ వేసి రాస్తే.

అమ్మ సంగతి నాకు ఇన్నాళ్ళూ తెలియదు. గోడ దూకి బడికి వెళ్ళిన రోజులన్నీ ఎవరినో గెలిచాననుకునేవాణ్ణి. నలభై ఏడేళ్ళలో ఒకే ఒక్కసారి చెప్పినట్టు విన్నాను, అరవై ఎనిమిది చేపలు పోయాయి. ఇందులో నేను నేర్చుకోవలసిన నీతి ఏమిటో ఆలోచించాను, ఏ వైపు నుంచి చూసినా నాకు లాభంగానే కనిపిస్తోంది.

ఇప్పుడు అసలు సంగతి. నాలుగో తొట్టిలో జానెడు లోతున మాత్రల డబ్బా దొరికింది. చుట్టూ ఆసుపత్రి ప్లాస్టరు, నీ చేతి చుట్టే, ఎక్కడా ముడత లేదు. లోపల తాళంచెవి. రాసింది రాసినట్టు చేసేవాడికి దొరుకుతుందన్నావు. దొరికిందని నేను రాయలేదు కాబట్టి ఒక్క రాయీ తీయలేదనుకున్నావు. వలలో నన్ను పట్టాలనుకున్నావు, నువ్వే పడ్డావు. ఈ ఒక్క విషయంలో మాత్రం మనిద్దరం ఒక కడుపున పుట్టినవాళ్ళమని ఒప్పుకుంటున్నాను.

చెవి తీసుకుని వెనక గదికి వెళ్ళాను. తాళంలో పెట్టాను. చక్కగా దూరింది. తిప్పలేదు. మూడొంతులు నీ మాట విన్నాను, దానివల్ల చేపలు చచ్చాయి. ఒక వంతు వినలేదు, దానివల్ల బతికాయి. ఈ లెక్కలో గది నాదో కాదో తేల్చడానికి ఎనిమిదో తరగతి చాలదు. నువ్వొచ్చి తేల్చు. అప్పటిదాకా మెట్ల కిందే ఉంటాను, ఈ ఏడు అక్కడ వాన పెద్దగా పడటం లేదు.

చెవిని మళ్ళీ ఆ డబ్బాలోనే పెట్టి, ప్లాస్టరు చుట్టి, రాళ్ళలో పూడ్చేశాను. నాలుగు తొట్లలో ఏదో ఒకదానిలో. ఏదో రాయను. సెప్టెంబరు ఆఖరున నువ్వు దిగి, చీర దోపుకుని, నాలుగింటినీ చేత్తో దేవుకోవాలి. నేను గోడకానుకుని నిలబడి చూస్తాను.

దేవేటప్పుడు రాళ్ళు తోమకు. ఎండబెట్టకు. ఈ ఉత్తరాన్ని ఉన్నది ఉన్నట్టు చదువు.

వస్తూ మీ అటెండరుకు రెండు కట్టలు తోటకూర పంపిస్తానని చెప్పు. సంతోషిస్తాడు.

ఇట్లు,
ఆయా